మన నేలనే పాఠంగా పెట్టుకునే బడి

గ్రూపులో రోజూ స్కాలర్‌షిప్పులు, నోటిఫికేషన్లు, హాస్టల్ సీట్ల గురించే మాట్లాడుకుంటున్నాం. ఈసారి చరిత్ర మీద కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల తండాల నుంచి, ఎరుకల వీధుల నుంచి వచ్చి హాస్టళ్లలో చదువుకుంటున్న మేము ఒక ప్రశ్న వేసుకున్నాం. మన నేల గురించి మనకు చెప్పే బడి ఎప్పుడైనా ఉండిందా?

ముందు నేల సంగతి. ఆదోని, ఆలూరు తాలూకాలు ఒకప్పుడు బళ్లారి జిల్లాలో ఉండేవి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇటు వచ్చినాయి. 1876–78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో బాగా దెబ్బతిన్న జిల్లాల్లో బళ్లారి, కర్నూలు రెండూ ఉన్నాయి. ఆ కరువుకు అయిదేళ్ల ముందే, 1871లో, మద్రాసు–రాయచూరు రైలు మార్గం ఆదోని మీదుగా పూర్తయింది. రైలు వచ్చినాక ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసిన సుగాలీ బిడారులకు పని లేకుండా పోయింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవిలో గడ్డి, కట్టెలు సర్కారు లెక్కలోకి పోయినాయి. ఏ వాగులో ఏ నెల దాకా నీళ్లుంటాయి, ఏ గడ్డి తింటే ఎద్దుకు బలం, ఇవన్నీ తెలిస్తేనే బిడారు నడిచేది. ఆ తెలివిని చదువు అని మాత్రం ఎవరూ అనలేదు.

మరి మన దగ్గరికి వచ్చిన బడి ఎట్లాంటిది? 1871లోనే నేరస్థ తెగల చట్టం వచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తించింది. 1913లో బాపట్ల దగ్గర ఎరుకల కుటుంబాల కోసం స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ పెట్టినారు. సాల్వేషన్ ఆర్మీ దాన్ని నడిపింది. సెటిల్‌మెంట్లలో పిల్లలకు బడి ఉండేది, కానీ ఆ బడి పని పిల్లల్ని వాళ్ల పెద్దల దారి నుంచి మళ్లించడం. పెద్దలకు తెలిసినదాంట్లో నేర్చుకోవాల్సింది ఏమన్నా ఉందా అని అడగడం దాని పని కాదు. ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. మన పెద్దల దగ్గర చదువుకు పనికొచ్చేది ఏమీ లేదనే ఆలోచన దాంతోపాటు రద్దు కాలేదు.

ఇంకో దారి కూడా ఉండింది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడైన తర్వాత నిజాం ప్రభుత్వం గోండుల సమస్యలు తెలుసుకోమని హైమండార్ఫ్‌ను ఆదిలాబాద్ పంపింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులకే పంతుళ్లుగా శిక్షణ ఇవ్వడం మొదలైంది. గోండీలో వాచకాలు తయారైనాయి. మనవాళ్లే పంతుళ్లు, మన భాషే పుస్తకం. అంత చిన్న ఊళ్లో, అంత తక్కువ వసతులతో అది జరిగింది.

మన రాయలసీమలో మదనపల్లె దగ్గర రిషివ్యాలీ ఉంది. జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనతో పుట్టిన ఆ పెద్ద బడి ఫీజు కట్టి చదివే రెసిడెన్షియల్ బడి. అయితే దాని గ్రామీణ విద్యా కేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బడులు పెట్టింది. అక్కడ రకరకాల తరగతుల పిల్లలు ఒకే గదిలో కూర్చుని, కార్డుల సాయంతో ఎవరి వేగంలో వాళ్లు నేర్చుకుంటారు. చెట్లు పెంచడం కూడా చదువే. ఆ పద్ధతి ఉమ్మడి రాష్ట్రంలో ఏజెన్సీ గూడేల బడులకు కూడా పోయింది. కానీ అవన్నీ ప్రాథమిక బడులే.

1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని చదువులో తప్పనిసరి చేయాలని చెప్పింది. చిన్న తరగతుల్లో మనకు ‘పరిసరాల విజ్ఞానం’ ఉంది. హైస్కూలుకు వచ్చేసరికి అది సైన్సులో కొంత, సోషల్‌లో కొంత అయిపోతుంది. ఇక మిగిలేది మార్కుల కోసం రాసే ప్రాజెక్టు.

పర్యావరణమే ముఖ్యంగా నడిచే ప్రభుత్వ హైస్కూలు ఉంటుందా? ఉంది. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం యాపిల్ వ్యాలీలో 1995లో ‘స్కూల్ ఆఫ్ ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్’ తెరిచినారు. జంతు ప్రదర్శనశాల స్థలంలోనే కట్టినారు. మన ఇంటర్ వయసు పిల్లలు, సుమారు 400 మంది. అది కార్పొరేట్ బడి కాదు, అక్కడి ప్రభుత్వ బడుల్లో ఒకటి. దగ్గరి చెరువుల్లో నీళ్లు పరీక్షించడం కూడా వాళ్లకు పాఠమే. ఆ పని మీదే లెక్కలు, సైన్సు, రాత అన్నీ నడుస్తాయి.

అట్లాంటి బడికి మన దగ్గర పాఠాలు తక్కువా? తుంగభద్ర డ్యాం మొదట్లో సుమారు 133 టీఎంసీలు పట్టేది. పూడిక చేరి చేరి 105 చిల్లరకు వచ్చింది. ఆ 27 టీఎంసీల లోటు మన దిగువ కాలువ కింద చివరి పొలానికి ఎట్లా తగులుతుందో లెక్క కడితే అది గణితం, భూగోళం, రాజకీయం మూడూ అవుతుంది. నల్లరేగడిలో పత్తి వాన మీద ఎట్లా బతుకుతుంది, ఆదోని మార్కెట్‌లో ధర ఎట్లా పడుతుంది అనేది ఇంకో పాఠం. పంట పోయిన ఏడు గుంటూరు మిరపకాయల సుగ్గికి బండి ఎక్కిన కుటుంబాల వెంట పిల్లలు కూడా పోయి, బడి మధ్యలో ఆగిపోవడం అన్నిటికంటే పెద్ద పాఠం. వాన తప్పితే హాజరు పట్టీలో పేరు తప్పుతుంది. మనకు పర్యావరణం అంటే ఇదే.

కొత్త బిల్డింగు వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఒక నోటుబుక్కు తీసుకుపోండి. మీ తండాలో, మీ వీధిలో కుంటలు ఎన్ని, ఎన్ని పూడిపోయినాయి, అవ్వకు తెలిసిన గడ్డి పేర్లు, చెట్టు మందులు ఏవి, ఏ ఏడు ఎన్ని ఇండ్లు సుగ్గికి పోయినాయి, ఇవన్నీ రాయండి. గోర్‌బోలిలో ఉన్న పేరు గోర్‌బోలిలోనే, ఎరుకల మాటలో ఉన్నది ఎరుకల మాటలోనే తెలుగు అక్షరాల్లో పెట్టండి. మన ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటి తరం మనమే. అవ్వతాతల నోట్లో ఉన్నది కాగితం మీదికి తేగలిగిన మొదటి తరం కూడా మనమే. వాళ్లు ఉన్నప్పుడే అడుగుదాం. రేపు హైస్కూల్లో ఇట్లాంటి పాఠం పెట్టండని అడగడానికి పోయినప్పుడు వట్టి చేతులతో పోవద్దు, ఆ పుస్తకంతో పోదాం.