లార్గో వించ్ (2008 సినిమా)

లార్గో వించ్ 2008 డిసెంబరు 17న ఫ్రాన్సులో విడుదలైన ఫ్రెంచి థ్రిల్లర్ చిత్రము. దీనికి జెరోమ్ సాల్ దర్శకుడు. జాన్ వాన్ హామ్ రచన, ఫిలిప్ ఫ్రాంక్ చిత్రములతో 1990లో మొదలైన బెల్జియం బొమ్మల కథలు దీనికి ఆధారము. తెలుగువారిలో అనేకులు ఈ పేరును పదేళ్ళ తరువాత, ఒక వివాదము వలన విన్నారు.

కథ

హాంగ్‌కాంగ్‌లో నెరియో వించ్ అనే కోటీశ్వరుడు నీట మునిగి మరణించును. ఆయనకు వారసులు లేరని అందరూ అనుకొనుచుండగా, యుగోస్లావియాలోని అనాథాలయము నుండి రహస్యముగా దత్తత తీసుకొన్న లార్గో సంగతి బయటపడును. అప్పటికి అతడు చేయని నేరమునకు బ్రెజిల్ చెరలో ఉండును. తండ్రి హంతకులను కనుగొనుట, వారసత్వమును నిలుపుకొనుట తక్కిన కథ. లార్గోగా టోమర్ సిస్లే, సంస్థ బాధ్యతలు చూచు స్త్రీగా క్రిస్టిన్ స్కాట్ థామస్ నటించినారు. సంగీతము అలెగ్జాండ్ర్ దెస్ప్లా.

తెలుగునాట

2018 జనవరి 10న త్రివిక్రమ్ దర్శకత్వములో, పవన్ కళ్యాణ్ కథానాయకుడిగా అజ్ఞాతవాసి విడుదలైనది. ఇందులోనూ వ్యాపారవేత్త హత్య, అంతవరకు లోకానికి తెలియని కుమారుడు, అతడు సంస్థలో ప్రవేశించుట ఉన్నవి. విడుదలకు ముందే పోలికలపై చర్చ జరిగినది. సాల్ పారిస్‌లో ఈ చిత్రమును ప్రేక్షకుల నడుమ చూచి, తన కథతో పోలికలు అధికముగా ఉన్నవని ట్విట్టరులో వ్రాసినాడు. చిత్రము భారీ నష్టములు చవిచూచినది. 2019 ఆగస్టు 30న సుజీత్ దర్శకత్వములో ప్రభాస్ నటించిన సాహో వచ్చినప్పుడు ఆయన మరల అదే ఆరోపణ చేసి, తన పనిని తీసుకొనువారు కనీసము సరిగానైనా తీయవలెనని ఎత్తిపొడిచినాడు. సాహో హిందీలో మంచి వసూళ్ళు సాధించినను తెలుగులో నిరాశపరచినది.

అజ్ఞాతముగా పెరిగిన, లేక మారువేషములో తిరిగిన వారసుని కథ తెలుగువారికి కొత్త కాదు. కడప జిల్లాకు చెందిన బి.ఎన్.రెడ్డి తీసిన రాజమకుటం (1960)లో రాజు హత్యకు గురికాగా యువరాజు ముసుగు ధరించి పగ తీర్చుకొనును. కావున మూలాంశము కలిసినంత మాత్రమున అది చౌర్యము కాదు. సన్నివేశముల వరుస కూడ కలిసినప్పుడు మాత్రము ప్రశ్న తప్పదు. హక్కులు కొని తీయు మార్గము ఉన్నదే: సాల్ తొలి చిత్రము ఆంథొనీ జిమ్మర్ (2005) హాలీవుడ్‌లో ది టూరిస్ట్ (2010)గా పునర్నిర్మితమైనది. తెలుగులోనే కమల్ హాసన్ నటించిన చీకటి రాజ్యం (2015), నుయి బ్లాంష్ (2011) అను ఫ్రెంచి చిత్రమునకు అధికారిక పునర్నిర్మాణము.

తరువాతి భాగములు

రెండవ భాగము 2011లో సాల్ దర్శకత్వములోనే షారన్ స్టోన్ నటనతో వచ్చినది. మూడవది 2024లో ఒలివియే మాసె-దెపాస్ దర్శకత్వములో విడుదలైనది.