మస్తిష్క పక్షవాతం గల యువత - క్రియాసామర్థ్యం

మస్తిష్క పక్షవాతం (సెరిబ్రల్ పాల్సీ) అనగా గర్భంలో ఉన్నపుడు గాని, ప్రసవ సమయంలో గాని, శైశవంలో గాని మెదడుకు కలిగిన హాని వలన శరీర చలనము, భంగిమ జీవితాంతం దెబ్బతినే స్థితి. దీనిని 19వ శతాబ్దంలో ఆంగ్ల వైద్యుడు విలియం లిటిల్ వివరించాడు. నెలలు నిండకముందే పుట్టడం, పుట్టగానే ప్రాణవాయువు అందకపోవడం, తీవ్రమైన పచ్చకామెర్లు ముఖ్య కారణాలు. మెదడులోని హాని పెరిగేది కాదు. కాని దాని వలన కండరాలలో, కీళ్ళలో వచ్చే మార్పులు వయసుతోపాటు పెరుగుతాయి. అందువలన చిన్నతనంలో నడిచిన బాలుడు పదిహేనేళ్ళకు నడవలేకపోవచ్చును. ఇది కొత్త జబ్బు కాదు, బాలుని సోమరితనమూ కాదు.

సామర్థ్య స్థాయిలు

1997లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చలన సామర్థ్యాన్ని ఐదు స్థాయిలుగా వర్గీకరించారు (జి.ఎం.ఎఫ్.సి.ఎస్.). మొదటి స్థాయివారు ఆధారం లేకుండా నడుస్తారు, మెట్లెక్కుతారు. మూడవ స్థాయివారికి చేతికర్ర లేదా వాకర్ కావాలి. ఐదవ స్థాయివారిని చక్రాల కుర్చీలో ఇతరులే తీసుకొనిపోవాలి. 2007లో ఈ వర్గీకరణను 18 ఏళ్ళ వరకు విస్తరించారు.

యౌవనంలో మార్పులు

చలన సామర్థ్యంలో అధికభాగం ఐదేళ్ళలోపే సమకూరుతుంది. మొదటి రెండు స్థాయిలవారిలో అది సాధారణంగా నిలిచి ఉంటుంది. మిగిలిన మూడు స్థాయిలలో 7, 8 ఏళ్ళ తరువాత కొంత తగ్గుతుందని కెనడాలో జరిగిన దీర్ఘకాల పరిశీలనలో తేలింది. ఎదుగుదల వేగంగా ఉన్నపుడు ఎముక పొడవైనంతగా బిగిసిన కండరం సాగదు. మోకాళ్ళు వంగిపోతాయి, తుంటి కీలు జారవచ్చును, బరువు పెరిగి అలసట, నొప్పి తోడవుతాయి. ఇంట్లో నడిచే యువకుడు కళాశాలకు చక్రాల కుర్చీలో వెళ్ళడం ఓటమి కాదు. నడకకే శక్తి అంతా ఖర్చయితే చదువుకు మిగలదు.

తిరుపతిలో చికిత్స

తిరుమల తిరుపతి దేవస్థానములు తిరుపతిలో నిర్వహిస్తున్న బర్డ్ ఆసుపత్రి పోలియో బాధితుల శస్త్రచికిత్సలకు పేరు పొందినది. మస్తిష్క పక్షవాతం గల పిల్లలకు కూడా ఇక్కడ చికిత్స చేస్తారు. 2014లో భారతదేశం పోలియో రహితమని ధ్రువీకరింపబడినది. రెండు వ్యాధులూ పైకి ఒకటిగా కనిపించినా పోలియోలో కండరం చచ్చుబడుతుంది, ఇందులో ఎక్కువమందికి బిగుసుకుంటుంది. స్నాయువులను పొడవు చేసే శస్త్రచికిత్స తరువాత నెలల తరబడి వ్యాయామ చికిత్స జరగకపోతే ఫలితం నిలువదు. ఈ ప్రాంతంలో ఎముక విరిగితే పుత్తూరు కట్టు ప్రసిద్ధము. ఇక్కడ మూలలోపం మెదడులో ఉన్నందున కట్టు వలన ప్రయోజనం లేదు.

చట్టము, చదువు

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఇది ఒకటి. కనీసం 40 శాతం వైకల్యానికి సదరం ధ్రువపత్రం ఉంటే పలు ప్రయోజనాలకు అర్హత లభిస్తుంది. అయితే ఒకే శాతం ఉన్న ఇద్దరిలో ఒకరు స్వయంగా అన్నం తినగలరు, మరొకరు తినలేరు. ఆ తేడాను శాతం చెప్పదు.

ఈ స్థితి గలవారిలో సుమారు సగం మందికి బుద్ధిమాంద్యం ఉండదు. మాట స్పష్టంగా లేనంత మాత్రాన తెలివి లేదనుకొని బడి మాన్పించడం పెద్ద పొరపాటు. 18 ఏళ్ళు నిండిన తరువాత అవసరమైనవారికి 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం క్రింద సంరక్షకుని నియమించవచ్చును. దరఖాస్తును జిల్లా కలెక్టరు అధ్యక్షతన గల స్థానిక సంఘం పరిశీలిస్తుంది. తమ నిర్ణయాలు తామే తీసుకోగల యువతకు ఈ నియామకం అవసరం లేదు.