నల్లమల గబ్బిలాల ధ్వని పరిశీలన

ధ్వని పరిశీలన అంటే, రాత్రి ఎగిరే గబ్బిలాన్ని పట్టకుండా, దాని కూతను రికార్డు చేసి జాతిని పోల్చుకునే పద్ధతి. పురుగులు తినే గబ్బిలాలు కూత పెట్టి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి దారినీ ఎరనూ పసిగడతాయి. ఆ కూతలు దాదాపు అన్నీ మన చెవికందే 20 కిలోహెర్ట్జ్‌కు పైనే ఉంటాయి.

1790లలో ఇటలీలో శాస్త్రవేత్త స్పల్లాంజానీ, చూపు లేని గబ్బిలాలు కూడా అడ్డంకులు తప్పించుకుని ఎగురుతాయని చూపాడు. చెవులు మూస్తే తడబడతాయని జెనీవాలో జురీన్ తేల్చాడు. వినబడని శబ్దాన్ని ఎవరు నమ్ముతారు? 1938లో హార్వర్డ్‌లో పియర్స్ తయారుచేసిన, వినబడని శబ్దాన్ని పట్టే పరికరం దగ్గరికి డొనాల్డ్ గ్రిఫిన్ గబ్బిలాలను తెచ్చేదాకా సంగతి తేలలేదు.

దక్షిణాదిలో గబ్బిలాల కూతల అధ్యయనం మదురై పరిసరాల్లో వేళ్లూనుకుంది. జర్మన్ శాస్త్రవేత్త న్యూవైలర్ బృందం అక్కడి గబ్బిలాలపై పనిచేసింది. ఎలుకతోక గబ్బిలాలు గుంపుగా ఎగిరేటప్పుడు ఒకదాని కూత మరొకదానికి అడ్డురాకుండా స్థాయి మార్చుకుంటాయని 1981లో ఆ బృందంలోని హాబర్‌జెట్జర్ రాశాడు. అంటే ఒకే జాతి రెండు మూడు రకాలుగా వినిపించవచ్చు. రికార్డును బట్టి యంత్రం చెప్పిన జాతి పేరును గుడ్డిగా నమ్మకూడదనడానికి ఇదే చాలు. తెలుగు నేలపై ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భార్గవి శ్రీనివాసులు, చెల్మల శ్రీనివాసులు గబ్బిలాల శరీర కొలతలతో పాటు కూతల కొలతలనూ ప్రచురిస్తూ వచ్చారు. పట్టి, కొలిచి, పేరు తేల్చిన గబ్బిలం కూత చేతిలో ఉంటేనే అడవిలో దొరికిన రికార్డుకు విలువ.

మార్కాపురం, గిద్దలూరు వైపు నల్లమలలో కొంత భాగం నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో, కొంత గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యంలో ఉంది. ఇలాంటి చోట ఆడియోమాత్ వంటి చిన్న రికార్డరును చెట్టుకు కట్టి రాత్రంతా వదిలేయవచ్చు. ఆకుముక్కు గబ్బిలాల్లో ఒక జాతి కూత సుమారు 130 కిలోహెర్ట్జ్. దాన్ని పట్టాలంటే సెకనుకు 2,60,000 సార్లకు మించి నమూనా తీయాలి. అంత పైస్థాయి శబ్దం గాలిలో త్వరగా కరిగిపోతుంది కనుక మైకు దగ్గర్లోనే ఉండాలి. కప్పలనూ బల్లులనూ పట్టే పెద్దచెవుల గబ్బిలం గుసగుసలాడినట్టే కూస్తుంది, తరచూ రికార్డుకు చిక్కదు.

చింత, మర్రి చెట్లకు వేలాడే పెద్ద పండ్ల గబ్బిలాల సంగతి వేరు. అవి ప్రతిధ్వనిపై ఆధారపడవు. సాయంత్రం గూడుచెట్టు కింద నిలబడి, ఎగిరిపోతుంటే కంటితో లెక్కపెట్టాల్సిందే. 1972 వన్యప్రాణి చట్టం వీటిని కాకులు, ఎలుకలతో కలిపి ఐదో షెడ్యూలులో హానికర జంతువులుగా చేర్చింది. 2022 సవరణ ఆ జాబితాను తీసేసింది.