మసుఓకా హక్

పాత ల్యాప్‌టాప్ లోపల హార్డ్ డిస్కు గిర్రున తిరిగేది. జాగా తినేది, బ్యాటరీ తినేది, కింద పడితే దాచుకున్నదంతా బర్బాద్. తిరిగే భాగాలే లేని, కరెంటు పోయినా చెరగని ఫ్లాష్ మెమొరీని జపాన్‌లో తోషిబా ఇంజనీరు ఫుజియో మసుఓకా 1984లోనే దునియాకి చూపించారు. ల్యాప్‌టాప్‌లోకి రావడానికి మాత్రం ఖీమత్ అడ్డొచ్చింది.

2007లో తైవాన్ కంపెనీ ఆసుస్ 4 జీబీ ఫ్లాష్‌తో, కిలోకి లోపు వజన్‌తో బుల్లి ల్యాప్‌టాప్ తెచ్చింది. 399 డాలర్లు. మరుసటి జనవరిలో యాపిల్ మ్యాక్‌బుక్ ఎయిర్ వచ్చింది: 80 జీబీ హార్డ్ డిస్కుది 1,799 డాలర్లు, 64 జీబీ ఫ్లాష్‌ది 3,098. జాగా తక్కువ, పైసలు ఎక్కువ! వాహ్‌వాలన్నీ ఎయిర్‌కే దక్కాయి గానీ, నా నజర్‌లో ఫ్లాష్‌ని మామూలు ఇళ్లకు చేర్చింది ఆ గరీబు మషీనే.

మరి మసుఓకా? తోషిబా వదిలిన పదేళ్లకు, తన మెహనత్‌కి హక్ ఇమ్మని 2004లో ఆ కంపెనీ మీదే ముకద్దమా వేశారు. అడిగింది 100 కోట్ల యెన్‌లు. రెండేళ్లకు రాజీ కుదిరింది, 8.7 కోట్లకు.