తప్పితే వానికి సెప్టెంబరు, నాకు పెండ్లి

ఆ పుస్తకం మూసి నీళ్లపొయ్యి దగ్గరికి రా పాపా. చేతులు కాచుకో, ధనుర్మాసం చలి ఇది. లెక్కల్లో తొంబై రాకపోతే ఏమైపోతానో అని మీ అమ్మ దగ్గర ఏడుస్తా ఉంటివి, విన్నాను. ఏమీ అయిపోవు. నా కాలాన మాత్రం అయ్యేది.

అప్పుడు ఎస్సెల్సీ అంటే పదకొండో తరగతి. ప్లస్ టూ వచ్చింది 1978లో. మా ఊర్లో ఐదు దాకే బడి, ఆపైన హోసూరుకు నడక. పెద్దమనిషైన పిల్లను ఆ దావన ఒంటిగా ఎవరు పంపుతారు? నా జత పిల్లలంతా ఐదుతోనే నిలిచిపోయిరి. మా అన్న ఒక ఏడు తప్పి నా క్లాసుకే వచ్చినాడు కాబట్టి నేను పోగలిగినాను. వాడు తోడు, నేను చదువు.

ఇద్దరమూ పెద్ద పరీక్ష రాస్తిమి, ఇద్దరమూ లెక్కల్లో తప్పితిమి. పేపర్లో పాసైనోళ్ల నంబర్లు మాత్రమే వేసేది. నాయన బస్టాండు పక్కన టీ అంగట్లో పేపరు బల్ల మీద పరిచి, వరస వరసా వేలు పెట్టి వెతికినాడు. లేవని తెలిసినాక మళ్లీ మొదటినుంచి వెతికినాడు. నా మీద ప్రేమ లేనోడు కాడు ఆయన. అయినా ఇంటికొచ్చి అన్నకు “సెప్టెంబర్లో మళ్లీ రాద్దువులే” అన్నాడు. నాకు ఆ వారంలోనే బాగలూరు నుంచి సంబంధం వచ్చె. అప్పటి చట్టంలో ఆడపిల్లకు పదైదు నిండితే చాలు, దాన్ని పద్దెనిమిది చేసిందీ 1978లోనే. మూడు సెప్టెంబర్లు రాసి అన్న గట్టెక్కినాడు. నాకు ఒక్క సెప్టెంబరూ ఇయ్యలా.

నా పెండ్లయి ఏండ్లు గడిచినాక, 1989 మార్చి నుంచి వర్తించేలా తమిళనాడు సర్కారు, తాతల ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా భాగమని చట్టం చేసె. ఆంధ్రలో రామారావు అంతకు ముందే చేసినాడు. అయితే అప్పటికే పెండ్లయినోళ్లకు ఈ చట్టంలో భాగం లేదు. నాకు పోయె, మా కడగొట్టు చెల్లెలికి వచ్చె. అది ఎనిమిదో తరగతి కూడా దాటలేదు. దాని భాగానికి ఎవరూ మార్కులడగలా, అదీ నాకు నచ్చింది. అదే ఏడు మూవలూరు రామామృతం అమ్మయ్యార్ పేరున, పేదింటి పిల్ల పెండ్లికి డబ్బిచ్చే పథకం పెట్టిరి. దానికి చదువు ఇంత ఉండాలన్నారు. బడి మాన్పకుండా ఉంటారని పెట్టిన షరతు, మంచిదే. కానీ చదివిస్తే పెండ్లికి డబ్బొస్తుందని లెక్కేసిన ఇండ్లు ఎన్నో! 2022లో దాన్ని మార్చి, సర్కారు బడిలో చదివి కాలేజీకి పోయే ఆడపిల్లకు నెలకు వెయ్యి ఇస్తా ఉండారు. పెండ్లి మాటే లేదు. అది విన్న పొద్దు నాకు కండ్లలో నీళ్లు తిరిగె.

సిప్‌కాట్ ఫ్యాక్టరీల వాడ వచ్చె, లేలాండ్, టీవీఎస్, టైటాన్ వచ్చె, హోసూరు చుట్టూ భూమి బంగారమైపాయె. పొలం అమ్మేటప్పుడు చెల్లెల్ని రిజిస్ట్రారాఫీసుకు పిలిచిరి. తట్టలో పట్టుచీర, పసుపు కుంకుమ, అరటిపండ్లు. “ఈడొక సంతకం పెట్టమ్మా” అనిరి. పత్రం తమిళంలో ఉంది, చెల్లెలు చదివింది తెలుగు. నేను బడిలో తమిళమూ నేర్చినదాన్ని కాబట్టి పత్రం తీసుకొని అక్షరం అక్షరం చదివి దానికి చెప్పినాను. భాగం వదులుకుంటా ఉండానని రాసుంది. అది పెన్ను కింద పెట్టె. ఆఫీసు వసారాలో ఒక్కరూ మాట్లాడలా. ఆపైన అన్న రెండేండ్లు మా ఇద్దరి గడపా తొక్కలా. అయినా దాని భాగం దానికి వచ్చె. లెక్కల్లో తప్పినదాన్నే పాపా, ఆ పత్రం చదివింది.

2017 నుంచి మన రాష్ట్రంలో పెద్ద పరీక్షల్లో ఫస్టు, సెకండని పేర్లు చెప్పేది మానేసినారు. అంతకు ముందు పేపర్లో వాళ్ల ఫోటోలు చూసి ఎంతమంది బిడ్డలు తల వంచుకొన్నారో. ఇండ్లలో మాత్రం ఇంకా మానలేదు. తళ్లి, అంచెట్టి పక్క కొండ ఊర్లలో చదువు నిలిచిన పిల్లకు ఇప్పటికీ గుట్టుగా తాళి కట్టిస్తా ఉండారు. అట్లాంటిది తెలిస్తే పిల్లల సాయానికుండే 1098కి ఫోను చెయ్యాల, అది గుర్తుపెట్టుకో.

మీ క్లాసులో ఒక పిల్ల పోయిన పరీక్ష తప్పినప్పటినుంచి బడికి రాలేదంటివే? రేపు నీ లెక్కల పరీక్ష కాగానే ఇద్దరమూ వాళ్లింటికి పోదాం. వాళ్ల అవ్వ నాతో ఐదు దాకా చదివింది. నా మాట వింటుంది.