చెయ్యి విరిగితే 'కాలిస్'!

'విరిగింది' అన్న మాట మా అమ్మ నోట పాల విషయంలో విన్నాను, ముక్కాలిపీట విషయంలో విన్నాను, పక్కింటి కోడలి మనసు విషయంలో కూడా విన్నాను. తన ఒంటి విషయంలో మాత్రం ఎన్నడూ వినలేదు.

1974 శ్రావణమాసం. మా చెల్లెలి పెళ్ళి పది రోజుల్లోకి వచ్చింది. పెరట్లో నూతి చప్టా పాచిపట్టి ఉంది. నీళ్ళ బిందెతో వస్తూ అమ్మ జారిపడింది. పడుతూ పడుతూ కుడి అరచెయ్యి నేలకి ఆనించింది. నేను పరిగెత్తుకెళ్ళేసరికి లేచి నిలబడి, బిందెకి సొట్ట పడిందేమోనని చూసుకుంటోంది!

"బెణికిందే, ఏం కాలేదు. నాన్నగారితో అనకు" అంది.

చింతపండూ ఉప్పూ ఉడకేసి పట్టు వేసుకుంది. పాత పంచె చింపి చుట్టుకుంది. ఎడమచేత్తో సున్నుండలు చుట్టింది. అప్పగింతలై, పదహారురోజుల పండుగ కూడా అయ్యాక గానీ డాక్టరు దగ్గరికి రాలేదు. ఆయన ఎక్స్‌రే తీయించి, "ఎముక విరిగి, వంకరగానే అతుక్కుపోయిందమ్మా. దీన్ని కాలిస్ ఫ్రాక్చరంటారు" అన్నాడు.

రిక్షాలో ఇంటికొస్తూ అమ్మ అంది కదా, "విరిగింది చెయ్యని తనే అంటాడు, మళ్ళీ కాలంటాడేమిటే ఈ డాక్టరు!"

ఆ 'కాలు' ఎవరిదో తెలుసుకోవాలని నాకు చాలా ఏళ్ళకి బుద్ధి పుట్టింది. అబ్రహాం కాలిస్ ఐర్లండు దేశపు శస్త్రవైద్యుడు. 1773లో పుట్టాడు. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో వరదొచ్చి, ఓ డాక్టరు గారింట్లోని శరీరశాస్త్ర పుస్తకం కొట్టుకుపోతే ఈ కుర్రాడికి దొరికిందనీ, తిరిగి ఇవ్వబోతే ఆ డాక్టరు నువ్వే ఉంచుకోమన్నాడనీ ఒక కథ చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, పెద్దయ్యాక డబ్లిన్‌లో శరీరశాస్త్రానికే ఆచార్యుడయ్యాడు.

ఆయన గొప్పతనం అర్థం కావాలంటే మీరొకసారి ముంజెయ్యి చాపి చూసుకోవాలి. మన ఒంట్లో 206 ఎముకలుంటే, అందులో 54 రెండు చేతుల్లోనూ మణికట్లలోనూ ఉన్నాయి. ముంజేతిలో ఉన్నవి రెండు. బొటనవేలి వైపుది రత్ని, చిటికెనవేలి వైపుది అరత్ని. తాళంచెవి తిప్పినా, తడిబట్ట పిండినా రత్ని అరత్ని చుట్టూ తిరుగుతుంది. మణికట్టు దగ్గర రత్ని వెడల్పయి, లోపల తేనెపట్టులా గుల్లగా ఉంటుంది. పడబోయినప్పుడు మనం అరచెయ్యి ఆనిస్తామా, ఒంటి బరువంతా వచ్చి ఆ గుల్ల మీదే పడుతుంది. విరిగిన ముక్క వెనక్కి జరిగి, చెయ్యి బోర్లించిన ఫోర్కులా వంపు తిరుగుతుంది.

ఆ వంపు చూసి ఆ రోజుల్లో చాలామంది వైద్యులు 'మణికట్టు కీలు తొలిగింది' అనుకునేవారు. కీలుకి చెయ్యవలసిన వైద్యం ఎముకకి చేసేవారు. 1814లో కాలిస్ ఒక వ్యాసం రాశాడు. ఇది కీలు తొలగడం కాదనీ, మణికట్టుకి అంగుళమున్నర పైన రత్ని విరగడమనీ తేల్చాడు. చెయ్యి పట్టి లాగితే వంపు పోతుంది, వదిలేస్తే మళ్ళీ వస్తుంది. అదీ ఆయన పట్టిన గుట్టు! ఎక్స్‌రే పుట్టడానికి ఇంకా 81 ఏళ్ళుంది. ఆయనకున్నవల్లా వేళ్ళూ, కళ్ళూను.

అదే వ్యాసంలో ఒక ఓదార్పు మాట కూడా ఉంది. సరిచెయ్యకుండా వదిలేసినా కొన్నాళ్ళకి నొప్పి పోతుందనీ, చెయ్యి మళ్ళీ బాగా ఆడుతుందనీ, వంకర మాత్రం జీవితాంతం ఉండిపోతుందనీ రాశాడు. ఇక్కడే నాకూ ఆయనకీ పేచీ. వంకర విషయం నిజమే. నొప్పీ పోయింది. కానీ మా అమ్మ ఆ తర్వాత ఏనాడూ రెండు చేతులా దుప్పటి పిండలేకపోయింది. ఆవకాయ జాడీ మూత తియ్యడానికి పక్కింటి పిల్లని పిలిచేది. చెయ్యి బాగా ఆడిందో లేదో ఆడవాళ్ళ వంటింట్లో చూడాలి గానీ వైద్యుడి బల్ల మీద ఏం తెలుస్తుంది?

ఇవన్నీ తెల్లవాళ్ళే మొదట కనిపెట్టారనుకునేరు. మన సుశ్రుత సంహితలో ఎముక విరగడాన్ని 12 రకాలుగా, కీలు తొలగడాన్ని 6 రకాలుగా విడివిడిగా చెప్పారు. పేర్లు కూడా ఎంత ముచ్చటగా ఉంటాయో! గుర్రం చెవిలా లేచి కనబడితే 'అశ్వకర్ణం', పొడి పొడి అయితే 'చూర్ణితం', వంగితే 'వక్రం'. ఎముకలు 300 అని లెక్క చెప్పారు. పళ్ళనూ, మృదులాస్థులనూ కూడా కలుపుకున్నారు మరి. విరిగినచోట వెదురు, మర్రి, రావి వంటి చెట్ల బద్దలూ బెరళ్ళూ పెట్టి కట్టమన్నారు. ఇప్పటి తిరుపతి జిల్లాలోని పుత్తూరు కట్టు తెలియని తెలుగువారు తక్కువ. అందులోనూ వెదురుబద్దలే, ఆకుపసరే, కోడిగుడ్డు తెల్లసొనే.

గుడ్డు తెల్లసొన సంగతి విన్నారా? ఎండితే బిగుస్తుందని నెపోలియన్ సైన్యంలో లారే అనే వైద్యుడు కూడా తన కట్లలో వాడాడు. 1830లలో బెల్జియంలో స్యూటాన్ అనే ఆయన కట్టుగుడ్డకి గంజి పెట్టాడు. మనం నేతచీరకి పెట్టినట్టే! కానీ గంజి ఆరడానికి చాలాసేపు పట్టేది, అంతలో ఎముక కదిలేది. 1851లో హాలండులో మథైసెన్ అనే సైనిక వైద్యుడు పొడి జిప్సం పిండిని గుడ్డలోకి రుద్ది, తడిపి చుట్టాడు. నిమిషాల్లో రాయిలా బిగిసింది. మన వాళ్ళు చక్కగా 'పిండికట్టు' అని పేరు పెట్టుకున్నది దానికే. అయితే ఏ కట్టయినా ఎముకని సరిగ్గా కూర్చాకనే. వంకర మీద కడితే వంకరే బిగుస్తుంది.

ఎముకని కళ్ళారా చూసే రోజు 1895లో వచ్చింది. జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్‌కిరణాలు కనిపెట్టి, డిసెంబరు 22న భార్య బెర్తా చెయ్యి ఫోటో తీశాడు. సన్నటి వేళ్ళ ఎముకలు, మధ్యలో నల్లగా పెళ్ళి ఉంగరం! అది చూసి ఆవిడ తన చావునే చూసుకున్నట్టు భయపడిపోయిందంటారు. పాపం, ఆయన పేరు ప్రపంచమంతా తెలుసు. చెయ్యి మాత్రం ఆవిడది.

ఇంత జరిగినా, నడివయసు దాటిన ఆడవాళ్ళకే ఈ మణికట్టు ఎందుకంత తేలిగ్గా విరుగుతుందన్న ప్రశ్నకి సరైన జవాబు 1940–41 దాకా రాలేదు. అమెరికాలో ఫుల్లర్ ఆల్బ్రైట్ అనే డాక్టరు, ఎముకలు గుల్లబారినవాళ్ళలో ఎక్కువమంది ముట్లుడిగిన స్త్రీలేనని గమనించాడు. ఎముక ఎండుకట్టె కాదు. రోజూ కొంత కరుగుతూ, కొంత కొత్తగా పేరుకుంటూ ఉండే సజీవ పదార్థం. ఈస్ట్రోజెన్ తగ్గితే కరిగేది ఎక్కువై, పేరుకునేది చాలదు. అంటే అమ్మ నూతి దగ్గర పడేనాటికే ఆ ఎముక లోపల్లోపల పల్చబడి ఉండాలి. పాచి మీద నెపం వేశాం, అంతే.

అమ్మ పోయి చాలాకాలమైంది. మొన్న ఉగాదికి నేను బాత్‌రూంలో జారాను. ఎడమ అరచెయ్యి ఆనింది. అమ్మాయి తలుపు కొడుతూ "ఏమైందమ్మా?" అంది. నా నోట్లోంచి వచ్చిన మాట ఏమిటో తెలుసా?

"బెణికిందే, ఏం కాలేదు."

అన్నాక ఒళ్ళు జల్లుమంది. ఆ గొంతు నాది కాదు, అమ్మది. తలుపు తీసి, "ఎక్స్‌రే తీయించు" అన్నాను. ఆ పూటే ఎముక సరిచేసి పిండికట్టు వేశారు. ఎముకల సాంద్రత పరీక్ష కూడా చేయించమన్నారు.

కట్టు విప్పి నెలయింది. గాజులు తిన్నగా ఎక్కుతున్నాయి. నిన్న నేనే జాడీ మూత తీసి, అమ్మ పాళ్ళతో పెట్టిన ఆవకాయ అమ్మాయికి కలిపిపెట్టాను.