మందుకల్లు, మెదడు, ఎర్రగడ్డ

తాటిచెట్టు, ఈతచెట్టు గీస్తే కారే నీరా తియ్యగా ఉంటుంది. లొట్టిలో పడిన కొన్ని గంటల్లోనే ఈస్టు దాన్ని పులియబెట్టి కల్లుగా మారుస్తుంది. ఆల్కహాలు నాలుగైదు శాతం ఉంటుందంతే. నిలవ ఉంచితే పులుపెక్కి తాగడానికి పనికిరాదు. తెలంగాణ పల్లెల్లో పెళ్లికీ చావుకీ కల్లు ఉండాల్సిందే, బోనాల్లో అమ్మవారికి సాక పోయడానికీ అదే. నిజాం సర్కారుకు ఆబ్కారీ పెద్ద రాబడి.

చిక్కు హైదరాబాద్ పట్నంలో వచ్చింది. చెట్లు ఊళ్లల్లో, తాగేవాళ్లు నగరంలో. కూలి పనులకు వచ్చిన జనంతో కల్లు అమ్మే కంపౌండ్లకు గిరాకీ పెరిగింది కానీ చెట్లు పెరగలేదు. ఉన్న కాస్త కల్లులో నీళ్లు పోసి, తీపికి శాక్రిన్ వేసి, తగ్గిన మత్తుకు మందు కలపడం మొదలైంది. తర్వాత ఆ రోగం నగరం దాటి, చెట్లున్న జిల్లాలకూ పాకింది. అలాంటి కల్లుకు జనం పెట్టుకున్న పేరు మందుకల్లు.

మొదట పేరు మోసిన మందు క్లోరల్ హైడ్రేట్. వ్యాపారంలో దాన్ని ‘సీహెచ్’ అంటారు. 1832లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ దాన్ని తయారుచేశాడు. 1869లో లీబ్రైష్ నిద్రమందుగా ప్రవేశపెట్టాక ఐరోపా మానసిక చికిత్సాలయాల్లో విరివిగా వాడారు. పిచ్చాసుపత్రి మందుగా పేరుపడ్డ పొడి చివరికి మనుషుల్ని ఆ ఆసుపత్రికే పంపే సరుకైంది. దాని వెంట డైజిపామ్, అల్ప్రాజోలం వచ్చాయి. ఇవి డాక్టరు చీటీ మీద మాత్రమే అమ్మాల్సిన మందులు.

ఆల్కహాలు, క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్ వేర్వేరు పదార్థాలైనా మెదడులో మూడూ పట్టుకునే చోటు చాలావరకు ఒకటే. అది నాడీకణాలను శాంతపరిచే ‘గాబా’ అనే రసాయనానికి చెందిన గ్రాహకం. డైజిపామ్ కుటుంబపు మందులు అతుక్కునే స్థానాలను 1977లో ఎలుక మెదడులో గుర్తించారు. ఈ మందులు గాబా పనిని పెంచుతాయి, క్లోరైడ్ అయాన్లు కణంలోకి ఎక్కువగా చేరతాయి, కణం నెమ్మదిస్తుంది. రోజూ బ్రేకు మీద కాలు ఉన్న బండిలా మెదడు సర్దుకుంటుంది. గాబా గ్రాహకాలు మొద్దుబారతాయి, ఉత్తేజపరిచే గ్లుటమేట్ వ్యవస్థ బలపడుతుంది. ఉన్నట్టుండి కల్లు ఆగిపోతే బ్రేకు పోయి యాక్సిలరేటరే మిగులుతుంది. చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, లేనివి కనిపించడం, ఫిట్స్ అలా వచ్చేవే. ఇది మనసు బలహీనత కాదు, కణాల లెక్క.

మానేసినవాళ్లు మళ్లీ కంపౌండు గేటు దగ్గర ఎందుకు కనిపిస్తారన్నది ఇంకో కథ. 1954లో మాంట్రియల్‌లో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ ఎలుకల మెదడులో సన్నని తీగలు అమర్చారు. మీట నొక్కితే ఒక ప్రత్యేక భాగానికి కరెంటు అందేది. ఎలుకలు దాన్ని పదే పదే నొక్కాయి. 1957లో స్వీడన్‌లో అర్విద్ కార్ల్‌సన్ కుందేళ్లకు రిసర్పిన్ ఇచ్చి కదలకుండా చేశాడు, ఆ కోరిక వెనక ఉన్న డోపమైన్ అనే మెదడు రసాయనంగా మారే ఎల్-డోపా ఎక్కించగానే అవి లేచి తిరిగాయి. ఆ రిసర్పిన్ మన సర్పగంధ వేళ్ల నుంచి తీసిన మందే. ఆల్కహాలు ఎలుకల్లో డోపమైన్‌ను పెంచుతుందని 1988లో తేలింది. డైజిపామ్ వంటివి, డోపమైన్ కణాలను అదుపులో ఉంచే కణాలను అణచి, అదే పని చేస్తాయని 2010లో చుండెలుకల్లో చూపారు.

అన్నిటికన్నా కల్లు కంపౌండుకు దగ్గరగా వచ్చేది వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ కోతుల ప్రయోగం. పళ్లరసం చుక్క నోట్లో పడగానే కోతి మెదడులోని డోపమైన్ కణాలు చురుగ్గా స్పందించాయి. రసానికి ముందు దీపం వెలుగుతుందని అలవాటయ్యాక ఆ స్పందన దీపానికి మారింది. దీపం వెలిగీ రసం రాకపోతే కణాలు మామూలు స్థాయి కన్నా కిందికి జారాయి. సాయంత్రం పని దిగే వేళ, పుల్లటి వాసన, సీసాల చప్పుడు తాగుబోతుకు అలాంటి దీపాలే. విచిత్రమేమిటంటే ఈ మందులు హిప్పోక్యాంపస్‌లో కొత్త జ్ఞాపకాలు నిలవకుండా చేస్తాయి. రాత్రి ఏం జరిగిందో గుర్తుండదు. కంపౌండు దారి మాత్రం మరుపురాదు, ఎందుకంటే అలవాటు మెదడులో మరో చోట దాగి ఉంటుంది.

హార్మోన్ల పాత్రా ఉంది. పాఠం నేర్చిన వెంటనే అడ్రినలిన్ ఇస్తే ఎలుకలకు ఆ పాఠం గట్టిగా గుర్తుంటుందని 1975లో తేలింది. మానేసిన రోజుల్లో కార్టిసోల్ వంటి ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి. మత్తుకు దూరమైన ఎలుకల పాదాలకు చిన్న షాక్ తగిలితే అవి మందు అందించే పాత మీట వైపే వెళ్లాయి. ఇంట్లో గొడవ జరిగిన రోజే మానేస్తానన్న మొక్కు తప్పుతుందని తాగేవారి భార్యలకు ప్రయోగాలు చెప్పక్కర్లేదు.

హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలో ఈ రసాయనమంతా క్యూ కట్టి నిలబడింది. హైదరాబాద్‌లో మూతపడ్డ కంపౌండ్లను 2014లో మళ్లీ తెరిచారు. మరుసటి ఏడాది, 2015లో, కల్తీ మీద దాడులు ముమ్మరమయ్యాయి. నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల్లో మందు లేని కల్లు తాగినవాళ్లు పిచ్చిచూపులతో, ఫిట్స్‌తో ఆసుపత్రులకు చేరారు. ఎర్రగడ్డ ఓపీ కిక్కిరిసింది. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కు మద్యం దుకాణాలతో పాటు కంపౌండ్లు మూతపడగానే అదే దృశ్యం. మే 6న మద్యం దుకాణాలు తెరిచారు. చికిత్స చిత్రంగా అనిపిస్తుంది కానీ శాస్త్రం అదే: డైజిపామ్ కుటుంబపు మందునే కొలిచి ఇచ్చి, రోజులు గడిచేకొద్దీ తగ్గిస్తారు. మద్యం తాగేవారికి బి1 విటమిన్ కలుపుతారు.

సరఫరా ఆపడం ఆబ్కారీ శాఖకు తెలిసిన పని. ఆపిన మర్నాడు ఎన్ని మెదళ్లకు వైద్యం కావాలో ముందే లెక్కకట్టి పల్లె ఆసుపత్రుల్లో మందులు సిద్ధం చేయడం మాత్రం రెండుసార్లూ వెనకబడింది. 2025 జులైలో ఎర్రగడ్డకు కొద్ది కిలోమీటర్ల దూరంలోని కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. ఆ కల్లులో పరీక్షల్లో బయటపడింది అల్ప్రాజోలమే.